నొప్పి తగ్గినా కిడ్నీ బాగున్నట్టేనా? న్యూక్లియర్ స్కాన్‌కు పంపితే తెలుసుకోవలసినవి

సెంగ్‌కాంగ్ జనరల్ ఆస్పత్రిలోనో, మరో చోటో డాక్టర్‌కు చూపించుకున్నాక చేతికిచ్చిన కాగితం మీద ‘న్యూక్లియర్ మెడిసిన్’ అని కనబడితే మనవాళ్ళలో చాలామందికి ముందు వచ్చేది భయమే. న్యూక్లియర్ అనగానే అణుబాంబు గుర్తొస్తుంది. క్యాన్సర్ ఏమో అని ఇంటికి ఫోన్ చేసి బాధపడతారు. ఒంట్లోకి రేడియేషన్ ఎక్కిస్తారట, తర్వాత పిల్లలు పుట్టరట అని డార్మిటరీలో ఎవరో అంటే, అసలు అపాయింట్‌మెంట్‌కే వెళ్ళకుండా ఊరుకుంటారు.

అలా ఊరుకోవడం వల్ల ఒక్కోసారి కిడ్నీయే పోవచ్చు. అందుకే ఈ స్కాన్ ఏమిటి, ఎందుకు చేస్తారు, ఎలా చేస్తారు, డబ్బు ఎవరు కట్టాలి, రిపోర్టులో ఏముంటుంది అన్నవి ఒక్కొక్కటిగా చెబుతున్నాం. మీ ఇంట్లోవాళ్ళకు కూడా ఇది పంపండి. అక్కడ వాళ్ళు పడే భయం కూడా కొంత తగ్గుతుంది.

సీటీ స్కాన్ తీశారుగా, మళ్ళీ ఇదెందుకు?

సైట్‌లో పైపులైన్ వేసే పని తెలిసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. డ్రాయింగ్ చూస్తే పైపు ఎక్కడుందో, ఎంత లావుందో తెలుస్తుంది. నీళ్ళు సరిగ్గా పారుతున్నాయా, ఎక్కడైనా ఆగుతున్నాయా అన్నది మాత్రం నీళ్ళు వదిలి చూస్తేనే తెలుస్తుంది. అల్ట్రాసౌండ్, ఎక్స్‌రే, సీటీ ప్రధానంగా డ్రాయింగ్ లాంటివి. రాయి ఎంతుంది, ఎక్కడుంది, కిడ్నీ ఉబ్బిందా అన్నది చూపిస్తాయి. న్యూక్లియర్ స్కాన్ నీళ్ళు వదిలి చూడడం లాంటిది. కిడ్నీ పని చేస్తోందా, ఎంత చేస్తోంది, మూత్రం కిందికి దిగుతోందా, పిత్తరసం పేగులోకి వస్తోందా, తిన్న అన్నం కడుపులోంచి కదులుతోందా అన్నది చూపిస్తుంది.

కాబట్టి ఒకటి చేశాక రెండోది చేయమనడం డబ్బు గుంజడానికి కాదు. రెండు పరీక్షలూ రెండు వేరువేరు ప్రశ్నలకు జవాబులు. మామూలుగా ముందు రక్తం, మూత్రం పరీక్షలు, అల్ట్రాసౌండ్, అవసరమైతే సీటీ చేస్తారు. వాటితో తేలని ప్రశ్న మిగిలితేనే న్యూక్లియర్ స్కాన్ రాస్తారు.

ఒంట్లోకి ఎక్కించేది ఏమిటి?

ఎక్కువ స్కాన్లలో వాడేది టెక్నీషియం-99ఎం అనే పదార్థం. దాన్ని ఒక మందుతో కలిపి, చాలా కొద్ది మోతాదులో చేతి నరానికి ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఏ మందుతో కలిపారన్న దాన్ని బట్టి అది ఏ అవయవానికి వెళ్ళాలో ఆ అవయవానికి వెళుతుంది. కిడ్నీ మందుతో కలిపితే కిడ్నీకి, లివర్ మందుతో కలిపితే లివర్‌కు చేరుతుంది. అక్కడి నుంచి అది వదిలే గామా కిరణాలను గామా కెమెరా అనే యంత్రం పట్టుకుని బొమ్మగా మారుస్తుంది. యంత్రం నుంచి మీ ఒంట్లోకి ఏ కిరణమూ రాదు. మీ ఒంట్లోంచి వచ్చేదాన్ని అది చూస్తుందంతే.

టెక్నీషియం ప్రతి 6 గంటలకు సగమవుతుంది. అంటే పొద్దున ఎక్కించింది మర్నాడు పొద్దుటికి పదహారో వంతు మిగులుతుంది. రెండు రోజులకు 256వ వంతు. మధ్యలో మూత్రంలో పోయేది ఇది కాక అదనం. అది ఒంట్లో ఏళ్ళ తరబడి ఉండిపోతుందన్న మాట నిజం కాదు.

ఇక్కడే ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. సింగపూర్‌లో అణు రియాక్టర్ లేదు. టెక్నీషియంకు మూలమైన మాలిబ్డినం-99 నెదర్లాండ్స్, బెల్జియం, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా లాంటి దేశాల రియాక్టర్లలో తయారవుతుంది. అది కూడా 66 గంటలకు సగమైపోతుంది కాబట్టి నిల్వ పెట్టుకోవడానికి లేదు. మీ మందు మీ టైముకే కలుపుతారు. మీరు రాకపోతే అది పారబోయడమే. పని ఒత్తిడి వల్ల ఆ రోజు వెళ్ళలేమని తెలిస్తే ముందుగానే ఫోన్ చేసి తేదీ మార్పించుకోండి. చెప్పకుండా మానేస్తే మీకు మళ్ళీ తేదీ దొరకడం ఆలస్యమవుతుంది.

కిడ్నీ స్కాన్లు మూడు రకాలు

మన కార్మికులకు ఎక్కువగా అవసరపడేవి ఇవే. ఎండలో పని, నీళ్ళు తక్కువ తాగడం, టాయిలెట్ దూరమని మూత్రం ఆపుకోవడం, వీటికి కిడ్నీలో రాళ్ళకు దగ్గరి సంబంధం ఉంది.

*మ్యాగ్-త్రీ లేదా డీటీపీఏ రీనోగ్రామ్:* రెండు కిడ్నీలలో ఏది ఎంత పని చేస్తోంది, మూత్రం కిందికి దిగుతోందా, మధ్యలో అడ్డు ఉందా అన్నది చెబుతుంది. స్కాన్‌కు ముందు అర లీటరు దాకా నీళ్ళు తాగమంటారు. మూత్రం పోసి వచ్చి వెల్లకిలా పడుకోవాలి. కెమెరా వీపు వైపు ఉంటుంది. ఇంజెక్షన్ ఇచ్చాక 20 నుంచి 30 నిమిషాలు కదలకుండా ఉండాలి. మధ్యలో ఫ్రూసెమైడ్ అనే మూత్రం ఎక్కువగా వచ్చే ఇంజెక్షన్ ఇస్తారు. మన ఊళ్ళో లాసిక్స్ అంటారే, అదే. దాంతో గట్టిగా మూత్రం వస్తుంది. సిగ్గుపడకుండా చెప్పండి. చివర మూత్రం పోసి వచ్చాక ఇంకో బొమ్మ తీస్తారు. మొత్తం గంట పైనే పడుతుంది.

*డీఎంఎస్ఏ స్కాన్:* కిడ్నీ కండలో మచ్చలు పడ్డాయా, ఇన్‌ఫెక్షన్ వల్ల ఎంత భాగం చెడింది అన్నది చూపిస్తుంది. ఇంజెక్షన్ ఇచ్చాక రెండు మూడు గంటలు ఆగి బొమ్మలు తీస్తారు. అందుకే ఆ రోజు సగం పూట పోతుందని సూపర్‌వైజర్‌కు ముందే చెప్పుకోవాలి. ఇంటి దగ్గర పిల్లలకు మాటిమాటికీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంటే అక్కడి డాక్టర్లు రాసేది కూడా ఎక్కువగా ఇదే.

*జీఎఫ్ఆర్ కోసం డీటీపీఏ:* కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తం వడకడుతున్నాయో లెక్క కడుతుంది. ఇంట్లోవాళ్ళు ఎవరికైనా కిడ్నీ దానం చేయాలనుకుంటే, ఇచ్చేవాళ్ళకు ఇండియాలో చాలా చోట్ల ఈ పరీక్ష చేస్తారు. ఇచ్చాక మిగిలే ఒక్క కిడ్నీ వాళ్ళకు సరిపోతుందా అన్నది తేల్చుకోవాలి కదా.

నొప్పి పోయింది, ఇక పనేముంది?

అసలు ప్రమాదం ఇక్కడుంది. ఉదాహరణకు ఒక కార్మికుడికి నడుము పక్కన భరించలేని నొప్పి వచ్చింది అనుకుందాం. ఎమర్జెన్సీకి వెళితే రాయి అన్నారు. నొప్పి ఇంజెక్షన్ ఇచ్చారు. నాలుగు రోజులకు నొప్పి మాయమైంది. రాయి పడిపోయిందనుకుని అతను పనిలోకి వెళ్ళిపోయాడు. తర్వాతి అపాయింట్‌మెంట్‌కు వెళ్ళలేదు.

నొప్పి పోవడానికి కారణాలు రెండు. ఒకటి, రాయి నిజంగానే మూత్రంలో పడిపోవడం. రెండోది, రాయి అక్కడే ఇరుక్కుని ఉండగానే కిడ్నీ అలవాటు పడడం. మొదట్లో గొట్టం ఒక్కసారిగా ఉబ్బినందుకు నొప్పి వస్తుంది. అడ్డు అలాగే ఉండిపోతే వెనక ఒత్తిడికి కిడ్నీ మూత్రం తయారు చేయడం తగ్గించేస్తుంది. నొప్పి కూడా తగ్గుతుంది. వారాలు, నెలలు గడిచేకొద్దీ ఆ కిడ్నీ చప్పుడు లేకుండా ఎండిపోతుంది. రెండో కిడ్నీ బాగుంటే రక్త పరీక్షలో క్రియాటినిన్ కూడా మామూలుగానే రావచ్చు. మనిషికి ఏ తేడా తెలియదు. రీనోగ్రామ్ చేస్తే మాత్రం ఏ కిడ్నీ ఎంత పని చేస్తోందో విడివిడిగా తెలిసిపోతుంది.

అడ్డు త్వరగా తీసేస్తే కిడ్నీ చాలావరకు కోలుకుంటుంది. ఆలస్యమైతే పోయిన పని తిరిగి రాదు. అందుకని నొప్పి తగ్గినా సరే, డాక్టర్ రమ్మన్న తేదీకి వెళ్ళండి.

ఒక జాగ్రత్త. నడుము పక్కన నొప్పితో పాటు చలి జ్వరం వస్తే, మూత్రం పూర్తిగా ఆగిపోతే, అది స్కాన్ తేదీ కోసం ఎదురు చూసే సమయం కాదు. అడ్డుపడిన కిడ్నీలో చీము పట్టి ఉండొచ్చు. ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి, వెళ్ళలేకపోతే 995కి ఫోన్ చేయండి.

కడుపు, పేగులు, గాల్ బ్లాడర్‌కు చేసేవి

*హైడా స్కాన్:* కుడి డొక్కలో నొప్పి, వాంతులు, జ్వరం ఉండి, గాల్ బ్లాడర్ వాచిందేమో అని అనుమానం వస్తే ముందు అల్ట్రాసౌండ్ చేస్తారు. దాంతో తేలకపోతే ఇది. ఎక్కించిన మందును లివర్ తీసుకుని పిత్తరసంతో పాటు వదులుతుంది. అది గాల్ బ్లాడర్‌లోకి, ఆ తర్వాత పేగులోకి చేరితే దారి బాగున్నట్టు. గాల్ బ్లాడర్ అసలు కనిపించకపోతే దాని గొట్టం మూసుకుపోయిందని అనుమానిస్తారు. గాల్ బ్లాడర్ తీసేసిన ఆపరేషన్ తర్వాత పిత్తరసం లోపల కారుతోందా అన్నది కూడా ఇది పట్టిస్తుంది. కనీసం 4 గంటలు ఏమీ తినకూడదు. అలాగని రోజంతా పస్తుండి వెళ్ళకూడదు, అప్పుడు కూడా ఫలితం తప్పు రావచ్చు. మార్ఫిన్, కోడీన్, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు వేసుకుంటే తప్పక చెప్పాలి. స్కాన్ గంటలో అయిపోవచ్చు, ఒక్కోసారి నాలుగు గంటలు పట్టొచ్చు.

*రక్తం కారే చోటు వెతికే స్కాన్:* మలంలో రక్తం పడుతోంది, ఎండోస్కోపీలో ఎక్కడినుంచో దొరకలేదు అన్నప్పుడు చేస్తారు. మీ రక్తంలోని ఎర్ర కణాలకే టెక్నీషియం అంటించి కెమెరా కింద చూస్తారు. నిమిషానికి 0.1 మిల్లీలీటరు చొప్పున కారుతున్నా ఇది కనిపెట్టగలదు. రక్తం ఆగి ఆగి కారుతుంటే మరింత ఉపయోగం, ఎందుకంటే గంటల తరబడి బొమ్మలు తీయొచ్చు. అయితే చోటు సుమారుగానే తెలుస్తుంది. కచ్చితంగా చూసి ఆపడానికి వేరే పద్ధతులు కావాలి.

*మెకెల్ స్కాన్:* కొందరికి పుట్టుకతోనే చిన్నపేగుకు ఒక చిన్న సంచి ఉంటుంది. అందులో కడుపు పొర లాంటి పొర ఉంటే యాసిడ్ ఊరి, పక్కన పుండై రక్తం కారుతుంది. పిల్లల్లో, యువకుల్లో ఇలా జరిగితే ఈ స్కాన్ చేస్తారు.

*గ్యాస్ట్రిక్ ఎంప్టీయింగ్:* నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోవడం, ఎప్పుడో తిన్నది వాంతి కావడం, ముఖ్యంగా పాత షుగర్ జబ్బు ఉన్నవాళ్ళలో. దీనికి ఇంజెక్షన్ ఉండదు. టెక్నీషియం కలిపిన తిండి పెడతారు. సాధారణంగా గుడ్డు, బ్రెడ్డు. తిన్న వెంటనే, 1, 2, 4 గంటలకు బొమ్మలు తీస్తారు. 4 గంటల తర్వాత కూడా పదింట ఒక వంతు కంటే ఎక్కువ కడుపులోనే ఉంటే నెమ్మదిగా కదులుతున్నట్టు. మీరు గుడ్డు తినకపోతే, గుడ్డు పడకపోతే అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే చెప్పండి. ఓట్స్ లాంటి వేరే తిండితో చేసే వీలు ఉంటుంది.

రేడియేషన్ ఎంత? పిల్లలు పుట్టరా?

ప్రపంచంలో ఎవరికైనా నేల, గాలి, ఆకాశం నుంచి సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్ రేడియేషన్ ఎలాగూ తగులుతుంది. కిడ్నీ స్కాన్లలో తగిలేది సుమారు 1 మిల్లీసీవర్ట్. హైడా స్కాన్‌లో 2 నుంచి 3. రక్తం కారే స్కాన్‌లో ఇంకొంచెం ఎక్కువ. పొట్ట సీటీ స్కాన్‌లో తగిలేది 8 నుంచి 10 దాకా ఉంటుంది. అంటే సీటీకి భయపడనివాళ్ళు కిడ్నీ న్యూక్లియర్ స్కాన్‌కు భయపడాల్సిన పని లేదు.

ఈ మోతాదుకు మగవాళ్ళకు గానీ ఆడవాళ్ళకు గానీ సంతానం కలిగే శక్తి పోదు. జుట్టు రాలదు. సీటీలో వాడే అయోడిన్ మందు పడనివాళ్ళు కూడా ఇది చేయించుకోవచ్చు, ఎందుకంటే ఇది వేరే రకం. అయినా పాత అలర్జీ ఏదున్నా చెప్పడం మంచిది.

ఆడవాళ్ళు గర్భవతి అయినా, ఆ నెల నెలసరి రాకపోయినా, బిడ్డకు పాలిస్తున్నా ముందే చెప్పాలి. ఇళ్ళలో పని చేసే అక్కచెల్లెళ్ళు ఇది అడగడానికి, చెప్పడానికి మొహమాటపడొద్దు.

డార్మిటరీకి తిరిగి వచ్చాక పక్క బెడ్ వాళ్ళకు ప్రమాదమేమీ లేదు. కలిసి తినొచ్చు. ఆ రోజంతా నీళ్ళు ఎక్కువగా తాగండి. మూత్రానికి వెళ్ళాక రెండుసార్లు ఫ్లష్ చేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. కొన్ని గంటలు పసిపిల్లలను, గర్భవతులను ఒళ్ళో, పక్కన ఎక్కువసేపు ఉంచుకోకుండా ఉంటే చాలు.

రెండు ప్రత్యేక జాగ్రత్తలు:

– షిప్‌యార్డుల్లో, ప్లాంట్లలో వెల్డింగ్ రేడియోగ్రఫీ దగ్గర పని చేసి ఒంటికి రేడియేషన్ బ్యాడ్జి పెట్టుకునేవాళ్ళు స్కాన్‌కు ఆ బ్యాడ్జితో వెళ్ళకండి. మీ రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌కు ముందే చెప్పండి. లేకపోతే ఒంట్లోంచి వచ్చేది బ్యాడ్జిలో నమోదై, సైట్‌లో ఎక్కువ రేడియేషన్ తగిలిందని లెక్క తప్పుతుంది.

– స్కాన్ చేయించుకున్న రెండు మూడు రోజుల్లో విమానం ఎక్కాల్సి వస్తే ఆస్పత్రి నుంచి ఒక లెటర్ అడిగి దగ్గర ఉంచుకోండి. కొన్ని విమానాశ్రయాల్లో, సరిహద్దుల్లో రేడియేషన్ పట్టే పరికరాలు ఉంటాయి. అవి మోగితే ఆ లెటర్ చూపిస్తే సరిపోతుంది.

వెళ్ళే ముందు

స్కాన్ ఎక్కడన్నది అపాయింట్‌మెంట్ కాగితంలో జాగ్రత్తగా చూసుకోండి. చూపించుకున్న ఆస్పత్రి ఒకటి, స్కాన్ చేసేది ఇంకొకటి కావచ్చు. సెంగ్‌కాంగ్ జనరల్ ఆస్పత్రి సింగ్‌హెల్త్ కిందిది, 2018లో మొదలైంది. పుంగ్గోల్, సెలెటార్ వైపు ఉండేవాళ్ళకు దగ్గర. అదే సింగ్‌హెల్త్ కింద ఊట్రమ్‌లో ఉన్న సింగపూర్ జనరల్ ఆస్పత్రిలో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉంది. అక్కడికి పంపితే సెంగ్‌కాంగ్ గానీ బువాంగ్‌కాక్ గానీ ఎక్కి, ఊదా రంగు నార్త్ ఈస్ట్ లైన్‌లో నేరుగా ఊట్రమ్ పార్క్‌లో దిగొచ్చు. రైలు మారాల్సిన పని లేదు.

దగ్గర ఉంచుకోవలసినవి: వర్క్ పర్మిట్, అపాయింట్‌మెంట్ కాగితం, వాడుతున్న మాత్రలన్నీ (పేర్లు చెప్పడం కష్టమైతే స్ట్రిప్పులే పట్టుకెళ్ళండి), పాత రిపోర్టులు, కంపెనీ ఇచ్చిన గ్యారంటీ లెటర్.

తప్పక చెప్పవలసినవి: ఒకే కిడ్నీ ఉంటే, ఇంతకుముందు కిడ్నీ ఆపరేషన్ అయితే, లోపల స్టెంట్ ఉంటే, షుగర్, బీపీ మాత్రలు వాడుతుంటే. తిండి, నీళ్ళ విషయంలో ఒక్కో స్కాన్‌కు ఒక్కో నియమం. రూమ్‌మేట్‌కు చెప్పింది కాకుండా మీ కాగితం మీద ఉన్నదే పాటించండి.

భాష కుదరకపోతే తల ఊపి ఊరుకోకండి. తమిళం కొంచెం వస్తే తమిళం మాట్లాడే స్టాఫ్‌ను అడగండి. లేదా ఇంగ్లీషు వచ్చిన స్నేహితుణ్ణి ఫోన్‌లో ఉంచుకోండి.

డబ్బు ఎవరు కట్టాలి? సెలవు సంగతి?

వర్క్ పర్మిట్ మీద ఉన్న కార్మికుడి వైద్యం ఖర్చు భరించవలసింది యజమాని. ఇది పర్మిట్ షరతుల్లోనే ఉంది. కార్మికుడు కొంత భాగం పంచుకోవాలంటే ఆ మాట ముందే కాంట్రాక్టులో రాసి ఉండాలి, అది కూడా నెల జీతంలో పదో వంతు దాటకూడదు, మొత్తం 6 నెలలు మించకూడదు. కాంట్రాక్టులో లేకుండా జీతంలోంచి కోయడానికి వీల్లేదు.

ఇన్సూరెన్స్ గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. 2023 జూలై 1 నుంచి యజమాని తీసుకోవలసిన మెడికల్ ఇన్సూరెన్స్ ఏడాదికి కనీసం 60,000 సింగపూర్ డాలర్లు. అంతకుముందు అది 15,000. అయితే ఇది ఆస్పత్రిలో చేరినప్పుడు, డే సర్జరీ అయినప్పుడు వర్తించేది. బయటి నుంచి వచ్చి చేయించుకుని వెళ్ళే స్కాన్‌కు ఈ తప్పనిసరి ఇన్సూరెన్స్ రాకపోవచ్చు. డార్మిటరీ వాళ్ళకు, కన్‌స్ట్రక్షన్, షిప్‌యార్డ్, ప్రాసెస్ రంగాల వాళ్ళకు 2022 ఏప్రిల్ నుంచి ఉన్న ప్రైమరీ కేర్ ప్లాన్ కూడా మామూలు క్లినిక్ వైద్యానికే. స్పెషలిస్టు స్కాన్‌కు కాదు. ఇన్సూరెన్స్ రాదు కాబట్టి నువ్వే కట్టు అంటే మాత్రం ఒప్పుకోనక్కర్లేదు. ఇన్సూరెన్స్ రాకపోతే ఆ ఖర్చు యజమాని మీద పడుతుంది, మీ మీద కాదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే కంపెనీని గ్యారంటీ లెటర్ అడగండి.

సెలవు విషయం. మూడు నెలలు పని చేసినవాళ్ళకు జీతంతో కూడిన సిక్ లీవ్ మొదలవుతుంది. ఆరు నెలలు దాటితే ఏడాదికి 14 రోజులు, ఆస్పత్రిలో చేరవలసి వస్తే అవి కలుపుకుని 60 రోజుల దాకా. స్కాన్ రోజున డాక్టర్ ఎంసీ ఇస్తే ఆ రోజు సిక్ లీవ్. ‘టైమ్ చిట్’ ఇస్తే అది మీరు ఆస్పత్రిలో ఉన్నారని చెప్పే కాగితం మాత్రమే, సిక్ లీవ్ కాదు. ఏది ఇచ్చారో చూసుకుని, ఫోటో తీసి పెట్టుకోండి.

జబ్బు తెలిస్తే పర్మిట్ తీసేస్తారేమో అన్న భయం చాలామందిని ఆస్పత్రికి దూరంగా ఉంచుతుంది. ఆ భయంలో నిజం లేదని చెప్పలేం. కాంట్రాక్టు ప్రకారం నోటీసు ఇచ్చి పని మాన్పించే హక్కు యజమానికి ఉంది. కానీ స్కాన్ చేయించుకోకపోతే జబ్బు ఆగదు. అప్పుడు ఉద్యోగమూ పోతుంది, కిడ్నీ కూడా పోతుంది. వైద్యం మధ్యలో ఉండగా పంపించేస్తామంటే విమానం ఎక్కక ముందే మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్‌కు 6536 2692కి ఫోన్ చేయండి, ఇది 24 గంటలూ పని చేస్తుంది. బలవంతంగా చాంగీ తీసుకెళ్ళినా, ఇమ్మిగ్రేషన్ కౌంటర్‌లో ఉన్న అధికారికి ‘నాకు తీరని సమస్య ఉంది’ అని చెప్పుకోవచ్చు.

రిపోర్టులో కనిపించే మాటలు

*స్ప్లిట్ ఫంక్షన్:* రెండు కిడ్నీలు పని పంచుకునే లెక్క. 45–55 మధ్య ఉంటే మామూలే. ఎడమది 30, కుడిది 70 అంటే ఎడమది వెనకబడింది. పదికి, పదిహేనుకు తక్కువైతే ఆ కిడ్నీని ఉంచాలా తీసేయాలా అన్న చర్చ వస్తుంది. గుర్తుంచుకోండి, ఇది వాటా మాత్రమే. రెండూ సమానంగా చెడినా 50–50 అనే వస్తుంది. అందుకే క్రియాటినిన్‌తో కలిపి చూడాలి.

*టీ-హాఫ్:* కిడ్నీలోని మందు సగం దిగడానికి పట్టిన సమయం. లాసిక్స్ ఇచ్చాక 10 నిమిషాల లోపైతే దారి బాగున్నట్టు. 20 నిమిషాలు దాటితే అడ్డు ఉండే అవకాశం ఎక్కువ. మధ్యలో ఉంటే ఇదీ అని చెప్పలేం, మళ్ళీ చూడాలి.

*ఆబ్‌స్ట్రక్షన్:* అడ్డు. *స్కార్:* మచ్చ. *డిలేడ్:* ఆలస్యం. *నాన్-విజువలైజేషన్:* ఆ అవయవం బొమ్మలో కనబడలేదని అర్థం, అది ఒంట్లో లేదని కాదు.

ఈ మాటలు చూసి వాట్సాప్‌లో ఎవరో చెప్పింది నమ్మకుండా, డాక్టర్‌ను రెండు ప్రశ్నలు అడగండి: ‘ఇప్పుడు ఏం చేయాలి? చేయకపోతే ఏమవుతుంది?’

ఊరికి వెళ్ళేటప్పుడు

రిపోర్టు కాగితంతో పాటు బొమ్మల సీడీ కూడా అడిగి తీసుకెళ్ళండి. ఆరు నెలల తర్వాత మళ్ళీ స్కాన్ చేస్తే, కిడ్నీ మెరుగైందా దిగజారిందా అన్నది పాతదానితో పోల్చితేనే తెలుస్తుంది. హైదరాబాద్ నిమ్స్‌లో, తిరుపతి స్విమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలు ఉన్నాయి.

రాయి తీసినప్పుడు లోపల డీజే స్టెంట్ అనే సన్నని గొట్టం పెట్టి ఉండొచ్చు. బయటికి కనబడదు. నొప్పి కూడా ఉండకపోవచ్చు. దాన్ని డాక్టర్ చెప్పిన గడువులో, సాధారణంగా కొన్ని వారాల నుంచి మూడు నెలల లోపు, తీయించేయాలి. మర్చిపోతే దాని చుట్టూ రాయి పేరుకుని కిడ్నీనే మూసేస్తుంది. పర్మిట్ అయిపోయి వెళుతున్నా, సెలవు మీద వెళుతున్నా, ‘నా లోపల స్టెంట్ ఉందా? ఎప్పుడు తీయాలి?’ అని అడిగి, ఆ తేదీ ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పండి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చిన అన్నదమ్ములకు ఒక మాట. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు కారణం తేలని కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను కుదిపిందో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. పలాసలో 2023 డిసెంబర్‌లో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. ఆ జబ్బు కనిపెట్టడానికి మొదట కావలసింది న్యూక్లియర్ స్కాన్ కాదు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, ఈ రెండు చిన్న పరీక్షలు. ఆ ప్రాంతం వాళ్ళయితే ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ‘మా ఊళ్ళో కిడ్నీ జబ్బులు ఎక్కువ, మా ఇంట్లో ఫలానావాళ్ళకు ఉంది’ అని మీరే చెప్పండి. ఇక్కడి డాక్టర్‌కు ఉద్దానం తెలియకపోవచ్చు. ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు రోజూ వేసుకునే అలవాటు ఎవరికీ మంచిది కాదు, మీకు అసలే కాదు.

చివరగా

సైట్‌లో నీళ్ళ బాటిల్ పక్కన పెట్టుకోండి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తోందంటే నీళ్ళు చాలడం లేదని అర్థం. ఎరుపుగా వస్తే, నల్లగా తారులా విరేచనం అయితే, రక్తం వాంతి అయితే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళండి. డాక్టర్ స్కాన్ రాస్తే తేదీ కాగితాన్ని ఫోటో తీసి ఒకటి సూపర్‌వైజర్‌కు, ఒకటి ఇంటికి పంపండి. మీరు పనిలో పడి మర్చిపోయినా, ‘ఈరోజు స్కాన్ కదా, బయల్దేరావా?’ అని ఇంటి నుంచి ఫోన్ వస్తుంది.